పాత ప్రయాణపు స్టౌ: ఆనవాళ్ళు, పునరుద్ధరణ

గత విద్యా సంవత్సరాంతంలో మన కళాశాల సామానుగదిలోని పనికిరాని వస్తువుల జాబితా తయారుచేసే బాధ్యతను కమిటీవారు ముగ్గురు అధ్యాపకులకు అప్పగించారు. అందులో నేనొకడిని. కాళ్ళు విరిగిన బల్లలు, చెదలు తిన్న భూగోళ పటాలు, ముల్లు లేని గడియారాలు, వీటి నడుమ టిఫిను డబ్బా అంతటి రేకుపెట్టె ఒకటి కనిపించింది. మూత తుప్పుతో బిగుసుకొని ఉన్నది. ఊపి చూస్తే లోపల లోహపు చప్పుడు. ఒక మూల రేకు చిరిగిన చోట ఇత్తడి మెరుపు తోచింది. జాబితాలో నేనే, నా చేతితోనే, "ఇత్తడి తుక్కు, ఒకటి" అని వ్రాసి తరువాతి వస్తువు దగ్గరకు వెళ్ళాను.

మధ్యాహ్నం అటెండరు మేకుతో మూతను ఊడదీసి తెచ్చి చూపినప్పుడు గాని నా తొందరపాటు నాకు తెలిసిరాలేదు. పెట్టెలో అరసోల పట్టునంత చిన్న ఇత్తడి ట్యాంకు, దానికి పక్కనే పంపు, విడిగా తీసి దాచిన బర్నరు, మూడు మడత కాళ్ళు, గిన్నె నిలబెట్టే వలయం, రెండు పిన్నులు, ఒక చిన్న పానా ఉన్నాయి. ట్యాంకు మీద "ప్రైమస్" అనే పేరు, "96" అనే అంకె, "స్వీడన్" అనే మాట అరిగిపోయినా చదవ వీలుగానే ఉన్నాయి. ఒకప్పుడు పర్వతారోహణ శిక్షణకు విద్యార్థులతో వెళ్ళిన అధ్యాపకులెవరో తెచ్చి ఉంచినది కావచ్చునని పెద్దలు అన్నారు. అది తుక్కు కాదు. ఎందుకు కాదో, అటువంటి వస్తువు ఎవరి అటక మీదనైనా కనిపిస్తే ఏ విధంగా గుర్తుపట్టవలెనో, ఏ విధంగా తిరిగి పనిచేయించవలెనో, ఏ పని మాత్రం చేయరాదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు చెప్పుకొనే అధ్యాపకునికి స్టౌలతో పనియేమని విద్యార్థులు నవ్వవచ్చు. నేను మా దాదీ వంటింట్లో పంపు స్టౌ శబ్దం వింటూ పెరిగినవాడిని. ఆమె దానిని స్టౌ అనేది కాదు. ఏ కంపెనీదైనా సరే "ప్రైమస్" అనేది. దానిలో పోసే నూనెకు కూడా మన ఇళ్ళలో ఎన్ని పేర్లో చూడండి. కోస్తా వారికి అది కిరసనాయిలు. తెలంగాణ పల్లెల్లో గ్యాసునూనె. మరికొన్ని చోట్ల సీమనూనె, అనగా సీమ నుండి వచ్చినది. మన ఉర్దూలో మిట్టీ కా తేల్, మట్టి నుండి వచ్చినది. ఒకరు అది ఏ దేశం నుండి వచ్చిందో చూశారు, మరొకరు ఏ పదార్థం నుండి వచ్చిందో చూశారు. ఈ ముచ్చటను భాషాశాస్త్ర తరగతికి వదలి అసలు విషయానికి వస్తాను.

1892లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే యంత్రశాల పనివాడు మసి పట్టని కిరసనాయిలు స్టౌను తయారుచేశాడు. అంతకుముందు నూనె స్టౌలన్నీ వత్తి స్టౌలే. వత్తి మీద నూనె ద్రవరూపంలో మండితే మంట పసుపుగా ఉంటుంది, గిన్నె అడుగు నల్లబడుతుంది, వేడి తక్కువ. లోహాలను అతికే పనివారి ఊదుడు దీపంలో నూనె ముందుగా ఆవిరై ఆ పిదప మండుతుంది. ఆ సూత్రాన్నే లిండ్‌క్విస్ట్ వంటపొయ్యికి అన్వయించాడు. జె. వి. స్వెన్సన్ అనే భాగస్వామితో కలిసి ఉత్పత్తి ప్రారంభించాడు. అమ్మకాల భారాన్ని బి. ఎ. యోర్త్ కంపెనీ వహించింది. పాత స్టౌల మీద ఈ కంపెనీ పేరే తరచుగా కనిపిస్తుంది. అనతికాలంలోనే ఆప్టిమస్, రేడియస్, స్వియా అనే స్వీడన్ పేర్లు, మానిటర్ వంటి ఇంగ్లండు పేర్లు, పోర్చుగల్‌లో హిపోలితో, జర్మనీలో మరికొన్ని బజారులోకి వచ్చాయి. మన దేశంలో తయారైన పంపు స్టౌల ఆకారం కూడా ఆ స్వీడన్ స్టౌ ఆకారమే.

ఈ చిన్న వస్తువు ఎక్కడెక్కడికి వెళ్ళిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 1895లో ఫ్రామ్ ఓడను విడిచి మంచు మీద ఉత్తరధ్రువం వైపు నడిచిన నాన్సెన్ వద్ద ప్రైమస్ ఉన్నది. 1897లో బెలూనులో ఉత్తరధ్రువానికి బయలుదేరిన ఆంద్రే, అతని ఇద్దరు సహచరులు తిరిగిరాలేదు. 33 సంవత్సరాల తరువాత, 1930లో, వారి విడిది ఒక తెల్లని దీవి మీద బయటపడింది. వారి అస్థికలతోపాటు వారి ప్రైమస్ కూడా దొరికింది. 1916లో షాకిల్‌టన్ ఆరుగురు మనుష్యుల చిన్న పడవలో ప్రపంచంలోకెల్లా క్రూరమైన సముద్రాన్ని దాటినప్పుడు, ఊగిపోయే పడవలో పాదాల నడుమ స్టౌను అదిమిపట్టుకొని వంట చేశారు. 1953 మే 29 తెల్లవారుజామున ఎవరెస్టు మీది చివరి గుడారంలో ఎడ్మండ్ హిల్లరీ బూట్లు రాయిలా గడ్డకట్టి ఉంటే వాటిని ప్రైమస్ మంట మీద కాచి మెత్తబరచుకొన్నాడు. టెన్సింగు, అతడు త్రాగిన నీరు కూడా ఆ మంట మీద కరిగిన మంచే. అంత ఎత్తున, అంత చలిలో నీరు త్రాగకపోతే మనిషి నిలవడు. మంచు కరగాలంటే మంట ఉండాలి. కనుక అక్కడ స్టౌ అంటే వంటసామాను కాదు, నీటిబావి.

ఇక్కడ ఒక విషాదాన్ని కూడా చెప్పుకోవలె. 1912లో దక్షిణధ్రువం నుండి తిరిగి వస్తున్న కెప్టెన్ స్కాట్ బృందం దారిలో తాము ముందే దాచి ఉంచిన కిరసనాయిలు డబ్బాలను తెరిచి చూస్తే నూనె తక్కువగా ఉన్నది. డబ్బా మూతల క్రింది తోలు వాసర్లు సరిగా పట్టకపోవడంతో నూనె కొంత ఆవిరైపోయిందని చెబుతారు. వారికన్న ముందు ధ్రువాన్ని చేరి వచ్చిన అముండ్‌సెన్ తన డబ్బాలకు టంకం వేయించాడు. స్కాట్ బృందం మరణానికి కారణాలు అనేకం; వాటిలో ఒకటి మాత్రం అణా ఖరీదు కూడా చేయని తోలుముక్క. పాత స్టౌను బాగుచేసేవాడు మొదట చూడవలసింది కూడా తోలుముక్కలనే గనుక ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది.

స్టౌ పనిచేసే తీరు తెలియనిదే బాగుచేయడం సాధ్యం కాదు. ట్యాంకులో మూడువంతుల వరకు నూనె, పైన గాలి. పంపుతో గాలి కొట్టినకొద్దీ ఆ గాలి నూనెను అదిమి, నిలువుగొట్టం గుండా బర్నరులోకి ఎక్కిస్తుంది. బర్నరు క్రింద చిన్న గిన్నె వంటి పళ్ళెంలో స్పిరిట్ పోసి వెలిగిస్తే బర్నరు గొట్టాలు ముందుగా వేడెక్కుతాయి. ఆ వేడిగొట్టాలలో ప్రవేశించిన నూనె ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి నాజిలు రంధ్రం నుండి మహావేగంతో పైకి ఎగసి, దారిలో గాలిని కలుపుకొని, నీలిమంటగా మండుతుంది. ఆ రంధ్రం మిల్లీమీటరులో మూడోవంతుకు మించదు. మంట వేడిలో కొంత మళ్ళీ గొట్టాలకే చేరుతుంది గనుక ఇక స్పిరిట్ అవసరం లేదు. స్టౌ తన్ను తానే నడుపుకొంటుంది. పాత ప్రైమస్‌లలో మంట తగ్గించే మీట ఉండదు. మూత మీది గాలిస్క్రూను కొద్దిగా వదులుచేసి గాలి విడిస్తే మంట తగ్గుతుంది, పూర్తిగా విడిస్తే ఆరిపోతుంది. మన ఇళ్ళలో స్పిరిట్‌కు బదులు నూనెలో ముంచిన గుడ్డపేలికను పెట్టి వేడిచేసేవారు. అందుకే మన వంటింటి స్టౌలు మసిబారినట్లుండేవి. దోషం స్టౌది కాదు, గుడ్డది.

ఇక ఆనవాళ్ళు. మొదట తేల్చుకోవలసింది స్టౌ ఏ కంపెనీది అని కాదు, ఏ నూనెది అని. కిరసనాయిలు స్టౌలో పెట్రోలు పోయడం ప్రాణాంతకం. కిరసనాయిలు మామూలు గది వేడికి మండే ఆవిరిని దాదాపు విడువదు. పెట్రోలు మంచుకన్న చల్లని వాతావరణంలో కూడా విడుస్తుంది. పంపు, గాలిస్క్రూ, స్పిరిట్ పళ్ళెం ఉండి, మంట తగ్గించే మీట లేకపోతే అది చాలావరకు కిరసనాయిలుదే. పంపు లేకుండా, పొట్టిగా, మంట తిప్పే చెవి ఉండి, మూతలో స్ప్రింగుతో కూడిన రక్షక కవాటం ఉంటే అది పెట్రోలుది. 1955లో వచ్చిన స్వియా 123 ఇటువంటిదే. తన మంట వేడితోనే తన ట్యాంకులో ఒత్తిడిని పుట్టించుకొంటుంది. కొండలెక్కేవారికి అది అత్యంత ప్రియమైనది.

అమెరికావారి కోల్‌మన్ స్టౌ తీరు వేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోరగా కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణపు కోల్‌మన్ కంపెనీ 520 అనే జేబుస్టౌను తయారుచేసింది. యుద్ధవార్తలు వ్రాసిన ఎర్నీ పైల్ జీపుతోపాటు ఈ స్టౌను కూడా ఎంతో పొగిడాడు. యుద్ధానంతరం అదే నమూనా 530 అనే అంకెతో ప్రజలకు అమ్ముడైంది. కోల్‌మన్ వస్తువులకు ఒక సౌకర్యం ఉన్నది: ట్యాంకు అడుగున తయారైన కాలం ముద్రించి ఉంటుంది. పాతవాటి మీద "ఏ" అంటే సంవత్సరపు మొదటి సగం, "బి" అంటే రెండవ సగం, పక్కన సంవత్సరపు చివరి రెండంకెలు. తరువాతి వాటి మీద నెల, సంవత్సరం రెండూ అంకెలలోనే.

ప్రైమస్‌కు 1911 నుండి ఒక అక్షర సంకేతం ఉన్నది. ఆ సంవత్సరానికి "ఏ"తో మొదలుపెట్టి ఏటేటా అక్షరం మార్చుతూ పోయారు. ట్యాంకు మీద ఆ అక్షరాన్ని పోల్చుకోగలిగితే తయారైన సంవత్సరాన్ని నేరుగా చెప్పవచ్చు. మన సామానుగది స్టౌ మీద ఆ అక్షరం ఉండవలసిన చోట ఎవరో ఒకప్పుడు శుభ్రం చేయాలన్న సదుద్దేశంతో ఉప్పుకాగితం పెట్టి రుద్దారు. పేరు మిగిలింది, అంకె మిగిలింది, అక్షరం పోయింది. దాని వయస్సు ఇక ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క రుద్దుడు స్టౌ నుండి తీసివేసింది మురికిని కాదు, జన్మపత్రాన్ని.

మరొక హెచ్చరిక. అక్షరం చెప్పేది ట్యాంకు వయస్సునే, స్టౌ మొత్తం వయస్సును కాదు. బర్నర్లు కాలిపోతుంటాయి, కాళ్ళు విరుగుతుంటాయి, మూతలు పోతుంటాయి. బజారులో కనిపించే పాత స్టౌలలో చాలా వాటికి ట్యాంకు ఒక తరానిది, బర్నరు మరొక తరానిది, మూత వేరొక దేశానిది. బర్నర్లలో కూడా రెండు జాతులు. ఒకటి హోరుమని గర్జించేది, మంటమీద ఒక రేకుబిళ్ళ ఉంటుంది. రెండవది నిశ్శబ్దమైనది, చిల్లుల టోపీ వంటిది ఉంటుంది. ప్రైమస్‌లో 1వ నెంబరు గర్జించేది, దాదాపు లీటరు పట్టే ఇంటిస్టౌ. 96వ నెంబరు దాని చిన్న తమ్ముడు, మడిచి పెట్టెలో పెట్టుకొనేది. 1962లో ప్రైమస్ వారి కిరసనాయిలు స్టౌల తయారీ ఆప్టిమస్ కంపెనీ చేతికి పోయింది గనుక ఆ తరువాతి వస్తువులలో రెండు ఇళ్ళ పోలికలూ కలిసిపోయి కనిపిస్తాయి.

కొనేటప్పుడు గాని, అటక మీద నుండి దింపినప్పుడు గాని మొట్టమొదట తిరగేసి అడుగు చూడవలె. మంచి ట్యాంకు అడుగు లోపలికి గిన్నెలా వంగి ఉంటుంది. అది బయటికి ఉబికి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ ట్యాంకు భరించలేనంత ఒత్తిడికి లోనైందన్నమాట. దానిని గాజు అలమారలో ఉంచి చూసుకోవచ్చు, వెలిగించరాదు. సన్నని వెండ్రుకల వంటి పగుళ్ళు ఉంటే కూడా అంతే.

ఈ పగుళ్ళ వెనుక మన దేశానికి సంబంధించిన ఒక కథ ఉన్నది. బ్రిటిషు కాలంలో వర్షాకాలం వచ్చిందంటే సైనిక కార్యకలాపాలు తగ్గిపోయేవి. ఆ నాలుగు నెలలు తూటాలను గుర్రపుశాలలలో నిలువచేసేవారు. వానలు వెలిసి తీసి చూస్తే ఇత్తడి తూటాల గొట్టాలు ఎవరూ ముట్టకుండానే నిలువునా చీలి ఉండేవి. చాలాకాలం కారణం తెలియలేదు. ఋతువును బట్టి వచ్చే పగులు గనుక ఆంగ్లంలో దానికి ఋతువు పేరే పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు: గుర్రపు మూత్రం నుండి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, లోహాన్ని సాగదీసి మలచినప్పుడు దానిలో మిగిలిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. స్టౌ ట్యాంకు కూడా సాగదీసి మలచిన ఇత్తడే. అందువల్ల అమ్మోనియా కలిసిన మెరుగుమందుతో పాత ట్యాంకును పదేపదే రుద్దరాదు. పాయిఖానా పక్కన, పశువులకొట్టంలో దాచరాదు. మా ఊళ్ళో పాత ఇత్తడి సామానంతా గేదెలకొట్టంలోనే ఉండేది!

మరి శుభ్రం చేయడం ఎట్లా? మన అమ్మలు ఇత్తడికి చింతపండు రాసి తోమేవారు. ఆ పద్ధతిలో దోషం లేదు, వెంటనే కడిగి తుడిచి ఆరబెడితే చాలు. బర్నరుకు పట్టిన పచ్చని చిలుము గట్టిగా ఉంటే నిమ్మఉప్పును గోరువెచ్చని నీటిలో కరిగించి అందులో కొద్దిసేపు ఉంచవచ్చు. రాత్రంతా మరచిపోతే ఇత్తడి మీద గులాబీరంగు తేలుతుంది. నేను ఒకసారి మరచిపోయాను. ఇత్తడిలో రాగి, తుత్తునాగం కలిసి ఉంటాయి. ఆమ్లానికి తుత్తునాగం ముందు కరుగుతుంది, రాగి మిగిలి పైకి వస్తుంది. చూపునకు అందంగానే ఉంటుంది గాని లోహం ఆమేరకు బలహీనపడుతుంది. ఉప్పుకాగితం, ఇనుపపీచు, యంత్రపు బుర్రుసు, ఈ మూడింటి జోలికి పోవద్దు. ముద్రలు ఉన్నచోట వ్రేలితోనే రుద్దాలి. అద్దంలా మెరిసేవరకు రుద్దాలన్న ఆశను చంపుకోవడమే ఈ విద్యలో కఠినమైన పాఠం.

లోపలి పని బయటి పనికన్న ముఖ్యం. పంపు కడ్డీ చివర తోలు వాసరు గిన్నె ఆకారంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండి ముడుచుకుపోతే ఎంత కొట్టినా గాలి పోదు. దానిని పారవేయకుండా కుట్టుమిషను నూనెలో రాత్రంతా నాననిచ్చి, వ్రేళ్ళతో అంచులు విప్పితే తరచుగా ప్రాణం పోసుకొంటుంది. మన స్టౌకు ఇదే జరిగింది. పంపు గొట్టం అడుగున ఒక కవాటం ఉంటుంది. గాలిని లోపలికి పోనిచ్చి నూనెను వెనక్కు రానీయకపోవడం దాని పని. అందులో స్ప్రింగు, చిన్న రబ్బరు లేక బెండు బిళ్ళ ఉంటాయి. గాలి కొట్టి వదిలిన తరువాత పంపు కడ్డీ తనంతట తానే పైకి లేచి వస్తే ఆ బిళ్ళ పాడైందని గుర్తు. ఇది చిన్న లోపం కాదు. మంట పక్కనే పంపులోంచి నూనె చిమ్ముతుంది. ఆ కవాటాన్ని విప్పడానికి పొడవైన ప్రత్యేక పానా కావాలి. లేనివారు మరమ్మతు తెలిసిన పాత పనివాని వద్దకు వెళ్ళవలెనే గాని కటింగుప్లేయరుతో ప్రయత్నించరాదు. ఇత్తడి మెత్తనిది, దాని తలకట్టు ఒక్కసారి అరిగితే ఇక రాదు. మూత క్రింది రబ్బరు వాసరు, బర్నరు క్రింది సీసపు వాసరు తప్పనిసరిగా క్రొత్తవి వేయాలి. పెట్రోలు స్టౌ అయితే మూతలోని రక్షక కవాటపు రబ్బరు గట్టిపడి ఉంటుంది, దానిని కూడా మార్చాలి. ఆ కవాటం కారుతున్నదని టంకం పోసి మూసివేసినవారి స్టౌ ఒకటి నేను చూశాను. అంతకన్న ఆ ట్యాంకులో మందుగుండు నింపి ఉంచడం నయం.

బర్నరు గొట్టాలలో బొగ్గు పేరుకొని దారి మూసుకుపోతుంది. బర్నరును ట్యాంకు నుండి పూర్తిగా విప్పి, దూరంగా తీసుకువెళ్ళి, అదొక్కదానినే మందంగా ఎర్రబడేవరకు కాల్చి నీటిలో ముంచితే లోపలి బొగ్గు పెళుసై రాలుతుంది. ఇది విద్యార్థులు ఒంటరిగా చేయదగిన పని కాదు. పాత స్టౌలలో కొన్నింటికి స్పిరిట్ పళ్ళెంలోనో, చెవి బిగింపులోనో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. తెల్లగా, నారగా ఏమైనా కనిపిస్తే ఊదవద్దు, గోకవద్దు. దాని ధూళి ఊపిరితిత్తులకు విషం.

అన్నీ బిగించిన పిదప పరీక్ష. నూనె పోయకుండా, మంట లేకుండా, నాజిలును మూసి, ఖాళీ ట్యాంకులో పది పన్నెండు సార్లు గాలి కొట్టి బకెట్ నీటిలో ముంచండి. సైకిలు ట్యూబుకు పంచరు వెదికినట్లే. బుడగ వచ్చినచోట లోపం. టంకం వేయించవలసి వస్తే, ఒకప్పుడు నూనె పోసిన ట్యాంకు గనుక, లోపలి ఆవిరి పూర్తిగా పోయేవరకు వేడినీటితో కడిగి ఆరబెట్టకుండా పనివాని చేతికి ఇవ్వవద్దు.

విద్యార్థులు, ముఖ్యంగా విద్యార్థినులు, ఒక మాట శ్రద్ధగా వినవలెను. 1970, 80 దశకాలలో మన పత్రికలలో "స్టౌ పేలి వివాహిత మృతి" అనే శీర్షిక ఎంత తరచుగా వచ్చేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అటువంటి మరణాలెన్నో వరకట్న హత్యలేనన్న ఆందోళన దేశమంతటా లేచింది. తత్ఫలితంగా 1983లో శిక్షాస్మృతిలో 498ఎ, 1986లో 304బి సెక్షన్లు చేరాయి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అవి 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. స్టౌ వల్ల నిజమైన ప్రమాదాలు జరగవని నేను అనడం లేదు. మండుతున్న స్టౌలో నూనె పోయడం, వేడిగా ఉండగానే మూత విప్పడం, కవాటం పాడైన పంపు, పెట్రోలు కలిసిన కల్తీ నూనె, ఇవన్నీ మనుషులను కాల్చినవే. ఇవి మంటలు అంటుకొనే ప్రమాదాలు. పేలడం వేరు. ట్యాంకు నిజంగా పేలితే దాని ఇత్తడి అతుకు దగ్గర విచ్చుకొని, అంచులు బయటికి చీలి, అడుగు ఉబికి ఉంటుంది. పేలిందని చెప్పిన స్టౌ చిన్న సొట్ట కూడా లేకుండా, మూత బిగించి, వంటింటి మూలన బుద్ధిగా కూర్చొని ఉంటే ఆ ఇత్తడి అడిగే ప్రశ్నకు ఎవరో ఒకరు సమాధానం చెప్పవలసి ఉంటుంది. స్టౌ ఆనవాళ్ళు చదవడం కేవలం పాత వస్తువులు సేకరించేవారి వినోదం కాదని నేను నమ్మడానికి ఇదొక్కటి చాలు. మా దాదీ ఇరుగింటిలో ఇటువంటి స్టౌ ఒకటి ఉండేది. ఆ ఇంటి కోడలు పోయిన మరునాడే దానిని బూడిదతో తళతళలాడేలా తోమి పెట్టారట. దాదీ ఈ మాట ఎప్పుడు చెప్పినా తరువాత చాలాసేపు మరేమీ మాట్లాడేది కాదు.

మన 96వ నెంబరు స్టౌను బాగుచేయడానికి మూడు నెలలు పట్టింది. అందులో పని పది రోజులు. మిగిలినదంతా వాసర్ల కోసం, కిరసనాయిలు కోసం తిరగడమే. ఇంటింటా గ్యాసు వచ్చిన తరువాత కిరసనాయిలు సంపాదించడం అత్తరు సంపాదించడం కన్న కష్టమైపోయింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం భౌతికశాస్త్ర విభాగపు వరండాలో, బకెట్ ఇసుక పక్కన పెట్టుకొని, ఐదారుగురు విద్యార్థులను పది అడుగుల దూరంలో నిలబెట్టి వెలిగించాము. పళ్ళెంలో స్పిరిట్ నీలంగా మండి ఇంకా పూర్తిగా ఆరకముందే గాలిస్క్రూ బిగించి రెండుసార్లు పంపు కొట్టాను. ఒక క్షణం ఏమీ లేదు. తరువాత చిన్న తుమ్ము వంటి చప్పుడు, పసుపుమంట, మరి నాలుగు పంపులకు మంట నీలమై హోరందుకొన్నది. గ్యాసుపొయ్యి తప్ప మరొకటి ఎరుగని పిల్లలు ఆ శబ్దానికి ఒక అడుగు వెనక్కు వేశారు. ఒక విద్యార్థి, "సార్, ఇది ఆగదా?" అని అడిగాడు. గాలిస్క్రూ తిప్పి ఆపి చూపించాను. మళ్ళీ వెలిగించి నలుగురికి సరిపడా టీ కాచాము. టీలో చక్కెర ఎక్కువైంది గాని స్టౌది తప్పేమీ లేదు.

పనికిరాని వస్తువుల జాబితా రానున్న సమావేశంలో కమిటీవారి ముందుకు వస్తుంది. అందులో 41వ వరుసలో నా దస్తూరితో "ఇత్తడి తుక్కు, ఒకటి" అని ఉన్నది. దానికి ఒక సవరణ చీటీ జతపరిచాను: "ప్రైమస్ 96 మడత స్టౌ, స్వీడన్ తయారీ, పెట్టెతో సహా, పనిచేయుచున్నది, వేలమునకు పెట్టరాదని, భౌతికశాస్త్ర విభాగపు అద్దాల అలమారలో ఉంచుటకు అనుమతించవలెనని మనవి." స్టౌ ప్రస్తుతం నా బల్ల క్రింది అరలో ఉన్నది. చూడగోరే విద్యార్థులు మూడవ పీరియడు తరువాత రావచ్చు.